బూస్టర్ మార్చినా పెడల్ రాయిలాగే ఉంది: 407 వాక్యూమ్ బ్రేక్ మీద వచ్చిన ఉత్తరానికి జవాబు

మదనపల్లె దగ్గర్నుంచి ఒక తమ్ముడు రాసిన ఉత్తరం ఇది, కొంచెం కుదించి పెడుతున్నా.

"అన్నా నమస్తే. మాది 2001 మోడల్ టాటా 407, మా నాయన కాలం నుంచి ఉండాది. టమాటా లోడ్ ఏసుకోని పుంగనూరు, పలమనేరు మీద చిత్తూరు పక్కకు పోతాంటా. పొద్దున బండి తీసినప్పుడు బ్రేక్ బాగనే ఉంటాది. ఎండెక్కినాక లోడ్ మీద మొగిలి ఘాట్ దిగేటప్పుడు రెండు మూడు సార్లు తొక్కితే చాలు, పెడల్ రాయి మాదిరి అయిపోతాది, రెండు కాళ్లు పెట్టి తొక్కాల. రాత్రి పూట ఇంకా ఎక్కువ. ఖాళీ బండికి అంత తెలీదు. నాలుగు నెలల కింద బూస్టర్ కొత్తది ఏసినా, మాస్టర్ సిలిండర్ కిట్ మార్చినా, ఏం లాభం లేదు. ఇప్పుడు మెకానిక్ ఏమంటాడంటే బ్రీదర్ నుంచి పొగ కొడతాంది, రింగులు పోయినాయి, ఇంజన్ దించాల అంటాడు. అంత లెక్క యాడ తెచ్చేది అన్నా? ఏం చేయాల చెప్పు."

తమ్ముడూ, మొదట ఒక సంగతి, బండి బాగయ్యేదాకా లోడ్ వేసుకుని ఆ ఘాట్ దిగొద్దు. బాడుగ పోతే పోనీ, ఒక వారం ఎవరి బండైనా పెట్టించుకో. మొగిలి ఘాట్‌లో బ్రేక్ అందక ఎంతమంది పోయారో నాకంటే నీకే బాగా తెలుసు. ఇంజన్ దించే మాట కూడా ప్రస్తుతానికి పక్కన పెట్టు, దాని సంగతి కిందకి వచ్చాక చెప్తా, నాకైతే బ్రీదర్‌లోంచి, అంటే ఇంజన్ లోపలి ఆవిరి బయటికి పోయే గొట్టంలోంచి వచ్చేది పిస్టన్ రింగులు పోయిన పొగ అని ఇప్పుడే నమ్మబుద్ధి కావట్లేదు.

నీ ఉత్తరం రెండు సార్లు చదివా. సగం జవాబు నువ్వే రాసేశావు, కానీ నీ మెకానిక్ అది విన్నట్టు లేడు. పొద్దున బాగుంటుంది అన్నావు, రెండు మూడు సార్లు తొక్కాక పోతుంది అన్నావు, రాత్రి ఎక్కువ అన్నావు. ఈ మూడు మాటలు పట్టుకుంటే బూస్టర్, అంటే కాలి బలానికి వాక్యూమ్‌తో సాయం చేసే డబ్బా, దాని జోలికి పోవాల్సిన పనే లేదు. మొదటిసారి తొక్కినప్పుడు మెత్తగా పడుతోందంటే బూస్టర్ పని చేస్తోందనే కదా అర్థం. మూడోసారికి రాయి అవుతోందంటే లోపల దాచుకున్న వాక్యూమ్, అంటే గాలి లాగేసిన ఖాళీ, అయిపోయింది, కొత్తది టైంకి రావట్లేదు. ఇంట్లో లెక్కలాగే చూడు, బూస్టర్ ఖర్చు పెట్టే మనిషి, వాక్యూమ్ పంపు సంపాదించే మనిషి. సంపాదన తగ్గిపోతే ఖర్చు పెట్టేవాణ్ని మార్చి ఏం లాభం?

ఇది ఎలా పని చేస్తుందో కొంచెం చెప్తా, తెలిస్తే ఇంకెవరూ నీచేత అనవసరంగా సామాను కొనిపించలేరు. పెట్రోల్ బండికి ఇంజన్ పీల్చే గాలికి అడ్డం ఒక రెక్క ఉంటుంది కాబట్టి మానిఫోల్డ్‌లో దానంతట అదే వాక్యూమ్ పుడుతుంది. పాత డీజిల్ ఇంజన్‌కి ఆ రెక్క లేదు, ఎంత గాలి కావాలంటే అంత పీల్చేస్తుంది, అందుకని వేరే పంపు పెట్టి వాక్యూమ్ చేయాలి. దాన్నే మన షెడ్లల్లో ఎగ్జాస్టర్ అంటారు. ఈ సైజు బండ్లలో చాలావాటికి అది ఆల్టర్నేటర్ వెనకాల, దాని షాఫ్ట్ మీదే కూర్చుని ఉంటుంది, ఇంజన్ ఆయిల్ సన్న పైపులో వచ్చి దాన్ని తడుపుతుంది, లోపలి గాలీ ఆ ఆయిలూ కలిసి కింద లావు పైపులోంచి చాంబర్‌లోకి, అంటే ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే చోటికి పోతాయి. ఈ చివరి ముక్క గుర్తు పెట్టుకో, పొగ దగ్గర పనికొస్తుంది.

బూస్టర్ లోపల ఒక పెద్ద రబ్బరు డయాఫ్రమ్ ఉంటుంది. దానికి రెండు పక్కలా వాక్యూమ్ ఉన్నంతసేపు కదలదు. నువ్వు పెడల్ తొక్కగానే నీ వైపు బయటి గాలి లోపలికి వస్తుంది, అవతల వాక్యూమే ఉంది కదా, ఆ గాలి బరువు డయాఫ్రమ్‌ని ముందుకి నెడుతుంది. అంటే బ్రేక్ మీద పడే బలం వాక్యూమ్‌ది కాదు, మన నెత్తి మీదున్న గాలిది. ఉదాహరణకి 23 సెంటీమీటర్ల డయాఫ్రమ్ అనుకో, వైశాల్యం దాదాపు 415 చదరపు సెంటీమీటర్లు వస్తుంది, పాదరసం లెక్కలో 500 మిల్లీమీటర్ల వాక్యూమ్ ఉంటే చదరపు సెంటీమీటర్‌కి 0.68 కిలోల తేడా, మొత్తం కలిపితే 280 కిలోల తోపు. నీ కాలికి ముగ్గురు నలుగురు మనుషులు సాయం నిలబడ్డట్టు. వాక్యూమ్ సగానికి పడితే అందులో సగం మంది వెళ్లిపోయినట్టే. ఖాళీ బండికి తెలీకపోవడం కూడా ఇందుకే, దాన్ని ఆపడానికి అంత బలం అక్కర్లేదు, ఉన్న కొద్ది సాయంతో ఆగిపోతుంది.

పాత రైళ్లలో కూడా వాక్యూమ్ బ్రేకులే ఉండేవి, కానీ వాటి కథ వేరు, అక్కడ పైపు ఊడి వాక్యూమ్ పోతే బ్రేకులు వాటంతట అవే పడిపోయేవి. మన బండిలో వాక్యూమ్ పోతే బ్రేక్ పడదు, సాయం మాత్రమే పోతుంది. ఈ రెండూ ఒకటే అనుకుని "వాక్యూమ్ పోతే బండి దానంతటదే ఆగిపోద్దిలే" అనే డ్రైవర్లని నేను చూశా.

సరే, పని లోకి వద్దాం. కొత్త బూస్టర్ మీద నీకింకా అనుమానం ఉంటే ఇంటి ముందే తేల్చుకోవచ్చు, పానా కూడా అక్కర్లేదు. ఇంజన్ ఆపేసి పెడల్ ఐదారు సార్లు తొక్కు, గట్టిపడుతుంది, కాలు తీయకుండా అలాగే నొక్కి ఉంచి సెల్ఫ్ కొట్టు. ఇంజన్ అందుకోగానే పెడల్ నీ కాలి కింద కొంచెం దిగాలి. దిగిందా, బూస్టర్ బతికే ఉంది. తర్వాత ఇంజన్ రెండు నిమిషాలు తిరగనిచ్చి ఆపి, ఒక ఐదు నిమిషాలు ఆగి నెమ్మదిగా తొక్కు. మొదటిసారి లోతుగా, రెండోసారి కొంచెం పైన, మూడోసారి ఇంకా పైన ఆగితే దాచిన వాక్యూమ్ నిలబడుతోందని అర్థం. మొదటిసారే రాయిలా ఉంటే ఎక్కడో లీకు, లేదా ఎన్నార్వీ అదే వన్ వే వాల్వ్ పట్టట్లేదు. ఇంకోటి, ఇంజన్ నడుస్తుండగా పెడల్ నొక్కి పట్టుకుని ఇంజన్ ఆపెయ్, అర నిమిషం కదలకుండా ఉంచు. పెడల్ నీ కాలిని పైకి నెడితే బూస్టర్ వాక్యూమ్ వదిలేస్తోంది, కిందకి జారుతూ పోతే బ్రేక్ ఆయిల్‌ని చక్రాలకి తోసే మాస్టర్ సిలిండర్ లోపల వాషర్ ఆయిల్ వదిలేస్తోంది, ఉన్నచోటే ఉంటే రెండూ బాగున్నట్టే.

ఇక్కడే అసలు తప్పు జరుగుతుంది. ఈ పరీక్షలన్నీ ఎప్పుడు చేస్తారు? పొద్దున్నే, షెడ్డులో, చల్లటి ఇంజన్ మీద, ఖాళీ బండి మీద, లైట్లు వేయకుండా. నీ బండికి పొద్దున జబ్బు లేదు కదా! సాయంత్రం జ్వరం వచ్చే పిల్లాణ్ని పొద్దున డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లినట్టు, అంతా బాగుంది అనే చెప్తాడు. నీ బండిని వేడి మీద చూడాలి, ఒక ముప్పై నలభై కిలోమీటర్లు మామూలు రోడ్డు మీద ఖాళీగా తిప్పుకొచ్చి, ఇంజన్ ఆపకుండా, బానెట్ ఎత్తి అప్పుడు చూడాలి.

చూడటానికి ఒక వాక్యూమ్ గేజ్ కావాలి. స్పేర్ పార్ట్స్ షాపుల్లో దొరుకుతుంది, నువ్వు బూస్టర్‌కి పెట్టినదాంట్లో చిన్న ముక్క కూడా కాదు. కొనడం ఇష్టం లేకపోతే ఊళ్లో ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేసే అబ్బాయి దగ్గర రెండు గేజ్‌లు ఉంటాయి, అందులో నీలం రంగుది సున్నాకి కింద 30 అంగుళాల దాకా వాక్యూమ్ చూపిస్తుంది, ఒక పూట అడిగి తెచ్చుకో. విజయవాడ ఆటోనగర్‌లో నేను పని నేర్చుకునే రోజుల్లో మాకు గేజ్ ఎక్కడిది, పైపు పీకి బొటనవేలు అడ్డం పెట్టేవాళ్లం, వేలు గట్టిగా పీలిస్తే పంపు మంచిది అనేసేవాళ్లం. చేతులు కాలాక నేర్చుకున్నదేంటంటే వేలికి పన్నెండు అంగుళాలకీ ఇరవై నాలుగు అంగుళాలకీ తేడా తెలీదు.

గేజ్ మొదట పంపు మూతికే నేరుగా తగిలించు, మధ్యలో ఏ పైపూ వద్దు. స్లోలో ఎంత చూపిస్తోంది, కొంచెం రేస్ చేస్తే ఎంత చూపిస్తోంది రాసుకో. సముద్ర మట్టం దగ్గర ఎంత గొప్ప పంపైనా 760 మిల్లీమీటర్లు, అంటే 30 అంగుళాలు దాటలేదు, మంచి పంపు 25, 26, 27 దాకా లాగుతుంది. నీకు ఒక తేడా ఉంది, మదనపల్లె దాదాపు 700 మీటర్ల ఎత్తులో ఉంది, ప్రతి 300 మీటర్లకీ ఇంచుమించు ఒక అంగుళం తగ్గిపోతుంది, అందుకని మాకు విజయవాడలో 26 చూపించే పంపు మీ ఊళ్లో 24 దగ్గర ఆగుతుంది, దాన్ని చూసి పంపు పోయిందని కంగారు పడొద్దు. 20 కూడా రాకపోతే మాత్రం పంపు మీద అనుమానం పెట్టుకోవాల్సిందే.

అయితే ఒక కిటుకు ఉంది. అరిగిన పంపు కూడా మూతి మూసి పెడితే నిదానంగా అయినా మంచి నంబరే చూపిస్తుంది, ఎందుకంటే లాగాల్సిన గాలే లేదు కదా. దాని అసలు రంగు బయటపడాలంటే వాక్యూమ్ దాచే ట్యాంకూ బూస్టరూ అన్నీ తగిలించి, మధ్యలో ఒక టీ ముక్క పెట్టి గేజ్ దానికి కట్టి, పెడల్ తొక్కి తొక్కి వాక్యూమ్ మొత్తం ఖాళీ చేసి, అక్కడినుంచి మళ్లీ పైకి ఎన్ని సెకన్లలో ఎక్కుతోందో ఫోన్‌లో టైం పెట్టుకుని చూడాలి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, వేడి మీద ఒకసారి, వేడి మీదే హెడ్‌లైట్లు అన్నీ వేసి ఇంకోసారి. ఈ మూడు టైములూ పక్కపక్కన పెట్టుకుంటే నీ బండి జబ్బు నీకే కనిపిస్తుంది. మూడూ దగ్గర దగ్గరగా ఉంటే పంపుకి వంక పెట్టలేం. వేడి మీద రెట్టింపైతే పంపు లోపలి బ్లేడ్లో, పైపులో. లైట్లు వేసినప్పుడు మాత్రమే పెరిగితే బెల్టు.

బెల్టు గురించే ముందు చెప్తా, అన్నిటికంటే చవక అదే. రాత్రి పూట ఎక్కువ అన్నావు చూడు, ఆ మాట చదవగానే నాకు బెల్టే గుర్తొచ్చింది. పంపు ఆల్టర్నేటర్ షాఫ్ట్ మీద ఉంది. లైట్లు వేస్తే ఆల్టర్నేటర్ బరువెక్కుతుంది, వదులు బెల్టు జారుతుంది, బెల్టు జారితే ఆల్టర్నేటర్‌తో పాటు పంపు కూడా నెమ్మదిస్తుంది. చీకట్లో గట్టిపడే బ్రేక్, పగలు చూస్తే ఏమీ ఉండదు, దీన్ని చూసి గాలి సోకిందని నిమ్మకాయలు కట్టించుకున్నవాళ్లు కూడా ఉన్నారు. బెల్టు మధ్యలో బొటనవేలితో నొక్కితే ఒక సెంటీమీటర్, ఇంకొంచెం, అంతే దిగాలి. బిగుతు ఒక్కటే చూసి వదిలేయకు, బెల్టు తీసి పుల్లీ గాడి లోపల చూడు. వి బెల్టు పట్టు పక్క గోడలది, అడుగుది కాదు. గాడి అడుగు అద్దంలా మెరుస్తోందంటే బెల్టు అరిగి అడుగుకి కూర్చుంటోంది, నువ్వు ఎంత బిగించినా జారుతుంది, ఇంకా బిగిస్తే ఆల్టర్నేటర్ బేరింగు పోతుంది. చుట్టుపక్కల నల్లటి పొడి పడి ఉన్నా అదే గుర్తు.

తర్వాత పైపు. ఇది నేను చాలాసార్లు దెబ్బ తిన్న చోటు కాబట్టి కొంచెం ఎక్కువ చెప్తా. కొబ్బరిబోండంలో పేపర్ స్ట్రా వేసి ఇస్తున్నారు కదా ఈ మధ్య, అది నానిపోయాక పీలిస్తే ఏమవుతుంది? గోడలు రెండూ అతుక్కుని నీళ్లు రావు. వాక్యూమ్ పైపు కూడా అంతే. ప్రెషర్ పైపుకి గోడలు బయటికి ఉబ్బకుండా చూసుకుంటే చాలు, వాక్యూమ్ పైపుకి గోడలు లోపలికి కూలకుండా ఉండాలి, అందుకే దాని రబ్బరు మందంగా, లోపల దారం అల్లి ఉంటుంది. ఒకసారి ఒక బండి మూడు షెడ్లు తిరిగి నా దగ్గరికి వచ్చింది, నీదాంట్లాగే బూస్టర్ కొత్తది, పంపు కూడా కొత్తది, బయట నుంచి పైపు చూస్తే నిగనిగలాడుతోంది. నేను కూడా రెండు రోజులు బండి కింద పడుకున్నా. చివరికి వేడి మీద ఇంజన్ రేస్ చేయించి పైపుని చేత్తో తడుముతుంటే ఒక వంపు దగ్గర మెత్తగా, చప్పిడి బుగ్గలా లోపలికి పోయి ఉంది. ఎవరో పాత పైపు తెగితే అర్జెంటుగా డీజిల్ పైపు ముక్క వేసేశారు, చల్లగా ఉన్నప్పుడు నిలబడేది, ఇంజన్ వేడికి మెత్తబడగానే మూసుకుపోయేది. కోసి చూస్తే లోపలి పొర ఊడి నాలుకలా వేలాడుతోంది. పంపు దగ్గర గేజ్ పెడితే బ్రహ్మాండంగా చూపిస్తుంది, బూస్టర్ దగ్గర పెడితే చూపించదు, ఈ తేడా చూసినరోజు నుంచి నేను రెండు చోట్లా గేజ్ పెట్టకుండా ఏ బండికీ మాట ఇవ్వలేదు.

నీ పైపు ఎన్నేళ్లదో చూడు, ఎక్కడైనా అతుకులు ఉన్నాయా, సైలెన్సర్‌కి దగ్గరగా పోతోందా, ఆయిల్ తగిలి జిగటగా అయిందా. అనుమానం వస్తే వాదన పెట్టుకోకుండా మార్చెయ్, కానీ వాక్యూమ్ పైపే అని అడిగి తెచ్చుకో, కొలతకి సరిపోయింది కదా అని వేరేది వద్దు. లీకులు వెతకడానికి పంక్చర్ షాపువాడిలా సబ్బు నీళ్లు కొట్టకు, ఇక్కడ గాలి బయటికి రాదు, లోపలికి పోతుంది, బుడగ ఎక్కడ వస్తుంది! ఒక మూర సన్న పైపు తీసుకుని ఒక కొస చెవికి పెట్టి రెండో కొస క్లిప్పుల దగ్గర తిప్పు, లీకు ఉన్నచోట సుయ్యిమని వినపడుతుంది. పెడల్ తొక్కినప్పుడు లోపల బుస్ అని ఒకసారి వచ్చి ఆగితే అది మామూలే, నొక్కి పట్టుకున్నంతసేపూ వస్తూనే ఉంటే బూస్టర్‌ది.

లీకు ఏ పక్క ఉందో పట్టడానికి ఇంకో పద్ధతి, ఇంజన్ ఆపేసి గేజ్ ముల్లు చూస్తూ కూర్చో. నిమిషానికి ఒక అంగుళం లోపు పడితే నేనైతే పట్టించుకోను. గబగబా పడుతోందంటే బూస్టర్‌కి పోయే పైపుని గుడ్డ చుట్టి గ్రిప్ ప్లయర్‌తో నొక్కు, ముల్లు ఆగిందా, లీకు బూస్టర్ వైపు. ఆగలేదా, ట్యాంకో ఎన్నార్వీయో. చాసిస్‌కి బిగించిన వాక్యూమ్ ట్యాంక్‌ని ఎవరూ చూడరు, పట్టీల కింద తుప్పు పట్టి సూది బెజ్జాలు పడతాయి, పాతికేళ్ల బండి కదా నీది. ఎన్నార్వీ తీసి నోటితో ఊది చూడు, ఒక పక్క నుంచే పోవాలి, రెండు పక్కలా పోతే పారెయ్. అది చెడితే ఇంకో నష్టం ఉంది, ఇంజన్ ఆపినప్పుడు పైపులో మిగిలిన వాక్యూమ్ పంపులోంచి ఇంజన్ ఆయిల్‌ని వెనక్కి లాగేస్తుంది, ఆ ఆయిల్ బూస్టర్‌లోకి చేరి డయాఫ్రమ్ రబ్బరుని నానబెట్టి పాడుచేస్తుంది. నీ పాత బూస్టర్ తీసినప్పుడు లోపల నల్లటి ఆయిల్ ఉందా అని నీ మెకానిక్‌ని అడుగు. ఉంటే కొత్తది కూడా అదే దారిలో ఉంది.

ఇక పంపు. పొద్దున బాగుండి ఎండెక్కాక పోవడానికి పెద్ద కారణం ఇదే అయి ఉండొచ్చు. లోపల మూడు నాలుగు బ్లేడ్లు జారుతూ తిరుగుతుంటాయి, వాటి అంచుకీ గోడకీ మధ్య సందుని మూసేది ఆయిలే. పొద్దున ఆయిల్ చిక్కగా ఉంటుంది, అరిగిన సందుని కూడా కప్పేస్తుంది. వేడెక్కితే పలచనై వదిలేస్తుంది. పంపు విప్పే ముందు ఆయిల్ వచ్చే సన్న పైపు చూడు, ఆ బెజ్జం బురదతో మూసుకుపోతే పంపు ఎండిపోయి అరుగుతుంది, కొత్త పంపు వేసినా మూడు నెలల్లో అదే గతి. కింద రిటర్న్ పైపు మూసుకుపోతే ఆయిల్ లోపలే నిండిపోయి టకటక కొడుతుంది. ఇంకో ప్రశ్న, ఈ నాలుగైదేళ్లలో ఆల్టర్నేటర్ ఎప్పుడైనా మార్చారా? రీబిల్డ్ చేసినవి అమ్మేచోట చిన్న జీపు పంపు తెచ్చి వెనకాల తగిలించి ఇచ్చేస్తారు, బోల్టులు సరిపోతాయి, తిరుగుతుంది, గేజ్ కూడా చూపిస్తుంది, కానీ ఒక చుట్టుకి లాగే గాలి తక్కువ, జీపు బూస్టర్‌కి చాలింది నీ బండికి చాలదు. బయటికి చూస్తే తెలీని మోసం ఇది.

ఇప్పుడు పొగ. పంపు లాగిన గాలి ఎక్కడికి పోతుందని చెప్పా? చాంబర్‌లోకి. లీకు లేని బండిలో ఒకసారి వాక్యూమ్ నిండాక పంపు లాగేది దాదాపు ఏమీ ఉండదు. లీకు ఉంటే రోజంతా బయటి గాలి లాగి చాంబర్‌లోకి కొడుతూనే ఉంటుంది, అది పోవడానికి ఉన్న దారి బ్రీదరే, ఆయిల్ ఆవిరిని వెంటబెట్టుకుని బుసబుసమని వస్తుంది. చూసినవాడికి రింగులు పోయినట్టే కనిపిస్తుంది. తేల్చడం ఐదు నిమిషాల పని. వేడి మీద ఇంజన్ స్లోలో పెట్టి, బండి కదలకుండా చక్రాలకి రాళ్లు పెట్టి, పంపు దగ్గర వాక్యూమ్ పైపు పీకెయ్, బ్రీదర్ ఎలా కొడుతోందో చూడు. తర్వాత పంపు మూతికి రబ్బరు బిరడా గట్టిగా పెట్టు, మళ్లీ చూడు. బిరడా పెట్టగానే పొగ బాగా తగ్గిపోయి, పైపు తగిలిస్తే మళ్లీ మొదలైతే నీ ఇంజన్‌కి ఏమీ కాలేదు, లీకు వెతుక్కో. మూడు సార్లూ ఒకేలా కొడితే, అప్పుడు మెకానిక్ మాట నిజం కావచ్చు, కంప్రెషన్ చూపించుకో, అయినా దానికీ బ్రేక్‌కీ సంబంధం ఉండదు.

గేజ్ ప్రకారం అన్నీ బాగుండి, వేడి మీద కూడా బూస్టర్ దగ్గర 22, 23 నిలబడుతుండగా పెడల్ గట్టిగా ఉండి బండి ఆగట్లేదంటే జబ్బు చక్రాల్లో ఉంది. బ్రేక్ లైనర్లు గాజులా మెరిసిపోయి ఉండొచ్చు, హబ్ సీలు పోయి గ్రీజు, ఆయిల్ పడి ఉండొచ్చు, వీల్ సిలిండర్ బిగుసుకుపోయి ఉండొచ్చు. డ్రమ్ములు విప్పి చూడటమే. పెడల్ గట్టిపడితే వాక్యూమో లైనర్లో, మెత్తగా స్పాంజిలా ఉంటే గాలో పాత బ్రేక్ ఆయిలో, ఒక పక్కకి లాగితే ఆ చక్రం, మోటుగా ఇంతే. బ్రేక్ ఆయిల్ రెండేళ్లు దాటితే మార్చెయ్, అది గాల్లో తేమ పీల్చుకుంటుంది, ఘాట్ వేడికి మరిగి ఆవిరైతే పెడల్ నేలకి పోతుంది, అది నీ ఇప్పటి కష్టం కంటే పెద్ద కష్టం. డబ్బాలో ఆయిల్ తగ్గుతూ బయట ఎక్కడా తడి లేకపోతే మాస్టర్ వెనక సీలులోంచి బూస్టర్‌లోకి పోతోందేమో కూడా చూసుకో, ఈమధ్యే కిట్ వేశారన్నావు కాబట్టి మరీ.

ఒకటి అడగడం మర్చిపోయా, నిజం చెప్పు, ఘాట్ న్యూట్రల్‌లో దిగుతున్నావా? డీజిల్ మిగులుతుందని చాలామంది చేస్తారు, కొంతమందైతే ఇంజన్ కూడా ఆపేస్తారు. న్యూట్రల్‌లో ఇంజన్ స్లోలో ఉంటుంది, పంపు కూడా స్లోలోనే తిరుగుతుంది, నీకు బ్రేక్ ఎక్కువ కావాల్సిన చోటే పంపు తక్కువ లాగుతుంది. ఇంజన్ ఆపితే పంపే లేదు, ట్యాంకులో ఉన్నది రెండు మూడు తొక్కులకి సరి. నీ బండిలో ఏ లోపమూ లేకపోయినా న్యూట్రల్‌లో దిగితే బ్రేక్ ఇలాగే ఏడిపిస్తుంది. ఎక్కేటప్పుడు ఏ గేరు వేశావో దిగేటప్పుడూ అదే గేరు, ఇంజనే బండిని పట్టుకుంటుంది, పంపూ జోరుగా తిరుగుతుంది.

ఇది బాగయ్యే లోపు ఖాళీగా తిప్పేటప్పుడైనా, తర్వాత ఎప్పుడైనా, పెడల్ గట్టిపడితే ఒకటి గుర్తుంచుకో, పంపు కొట్టినట్టు తొక్కుతూ వదులుతూ ఉండొద్దు. తొక్కి వదిలిన ప్రతిసారీ మిగిలిన వాక్యూమ్ కొంత ఖర్చయిపోతుంది, నొక్కి పట్టుకుంటే ఖర్చవదు. ఒకటే తొక్కు, సీటుకి వీపు ఆనించి ఉన్న బలమంతా పెట్టి పట్టుకో, బూస్టర్ లేకపోయినా ఆయిల్ లైన్ పని చేస్తూనే ఉంటుంది, ఆలస్యంగానైనా బ్రేక్ పడుతుంది. గేరు ఒకటి ఒకటి దించు, హ్యాండ్ బ్రేక్ నెమ్మదిగా లాగు, ఇంజన్ మాత్రం ఆపకు.

పని వరుస చెప్పమంటే, నేనైతే మొదట బెల్టూ పుల్లీ, ఆ తర్వాత గేజ్ పెట్టి ఆ మూడు టైములు, ఆ తర్వాత బిరడా పెట్టి బ్రీదర్, ఆ తర్వాత పైపులు, ఎన్నార్వీ, అన్నీ అయ్యాకే పంపు విప్పుతా. మొదటి మూడింటికీ రూపాయి ఖర్చు లేదు, ఒక పూట పని. పంపు దగ్గర రీడింగు, బూస్టర్ దగ్గర రీడింగు, చల్లగా వేడిగా లైట్లతో ఎన్ని సెకన్లు పట్టిందో ఒక కాగితం మీద రాసి ఫోటో తీసి పంపు, ఆల్టర్నేటర్ ఎప్పుడు మార్చారో మీ నాయన్ని అడిగి అది కూడా రాయి, పంపు మీద నంబరు కనిపిస్తే దానికీ ఒక ఫోటో తియ్యి, అవి చూశాక పంపు కొనాలో వద్దో చెప్తా.